నిర్ణయం అయ్యాక కాదు, అవకముందే పిలవండి: టీకా కార్యక్రమాలు నడిపేవారికి బహిరంగ లేఖ

ప్రజా టీకా కార్యక్రమాలకు విధానాలు రాసే సలహా సంఘాలకు, ప్రణాళికలు వేసే ఆరోగ్య శాఖలకు, వాటిని అమలు చేయించే అధికారులకు

నమస్కారం.

టీకా కార్యక్రమాల్లో భాగస్వాముల సమావేశం ఎప్పుడు జరుగుతుందో ఒకసారి గమనించండి. టీకా ఏదో తేలిపోయాక, ఏ వయసు పిల్లలకో నిర్ణయమయ్యాక, ప్రారంభ తేదీ ప్రకటించాక, పోస్టర్లు అచ్చయ్యాక. అప్పుడు నర్సులను, తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, మతపెద్దలను ఒక హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తారు. మీ సహకారం కావాలంటారు. ప్రశ్నలకు చివరి పది నిమిషాలు వదులుతారు. హాజరు పట్టీలో సంతకాలు పడతాయి, నివేదికలో "సంప్రదింపులు పూర్తయ్యాయి" అన్న వాక్యం చేరుతుంది. ఆ హాల్లో ఎవరేం చెప్పినా కార్యక్రమంలో ఒక్క అంశమూ మారదు. దాన్ని సమాచారం ఇవ్వడం అనాలి గానీ సంప్రదింపు అనకూడదు.

మేము టీకాలు వేసేవాళ్లం, వాటిని చల్లగా కాపాడేవాళ్లం, పిల్లలకు వైద్యం చేసేవాళ్లం, ఆ పిల్లల తల్లిదండ్రులం. టీకాల మీద అనుమానంతో ఈ లేఖ రాయడం లేదు. రక్షణ లేని జనంలో తట్టు సోకిన ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. దాన్ని ఆపాలంటే 95 శాతం పిల్లలకు రెండు డోసులూ పడాలి. అదీ దేశం సగటున కాదు, ప్రతి బస్తీలోనూ, ప్రతి పల్లెలోనూ. 80 శాతం దాకా చేరడానికి మందు, మంచు, మనుషులు ఉంటే చాలు. మిగిలిన పిల్లలు ఎవరి ఇళ్లలో ఉన్నారు, ఎందుకు రావడం లేదు అన్నది పై ఆఫీసులో ఎవరికీ తెలిసే వీల్లేదు. అది తెలిసినవాళ్లు కింద ఉన్నారు. ప్రణాళిక మార్చడానికి ఇంకా వీలున్నప్పుడే వాళ్లను పిలవండి. మార్పించే హక్కు ఇచ్చి మరీ పిలవండి. మా విన్నపం ఇంతే. దీనికి ఏమేం చేయాలో వివరంగా రాస్తున్నాం.

మొట్టమొదట, చర్చకు ఉన్నదేదో లేనిదేదో తేల్చి చెప్పండి. తట్టు ఎక్కువగా తిరిగే చోట మొదటి డోసును 9 నెలలకు పెట్టడానికి కారణం ఉంది. అంతకు ముందు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాను సరిగా పనిచేయనివ్వవు. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా డోసుల మధ్య కనీసం 4 వారాల ఎడం ఉండాలి. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఇవి చేతులెత్తి తేల్చే విషయాలు కావు, ఆ మాట నిస్సంకోచంగా చెప్పేయండి. టీకాలు వేసే సెషన్ ఏ రోజు, ఏ పూట, ఎక్కడ, పిలుపు ఎవరి నోట వెళ్లాలి, బిడ్డకు జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఫిర్యాదు ఎవరు తేల్చాలి అన్నవి మాత్రం పూర్తిగా ప్రజలతో కలిసి తేల్చుకోవలసినవి. ఈ రెంటికీ మధ్య ఇంకో రకం ఉంది. ఉన్న డబ్బుతో ముందు ఏ కొత్త టీకా తేవాలి, బడిలో వేయాలా ఆరోగ్య కేంద్రంలో వేయాలా, సరఫరా తగ్గితే ముందు ఎవరికివ్వాలి? వీటిలో శాస్త్రం ఎంతుందో న్యాయం అంతే ఉంది. నిపుణుల సంఘం ఒక్కటే కూర్చుని వీటిని తేల్చేసి, అది శాస్త్రమే చెప్పిందన్నట్టు ప్రకటించడం వల్లే చాలాసార్లు గొడవ మొదలవుతుంది.

కింది మనిషి మాట వినకపోతే ఏం జరుగుతుందో చూపడానికి పది డోసుల తట్టు టీకా సీసా ఒక్కటి చాలు.

అది పొడి మందు. డైల్యూయెంట్ (పొడిని కరిగించే ద్రవం) కలిపాక 6 గంటల్లోగా వాడేయాలి, సెషన్ అంతకంటే ముందు ముగిస్తే అప్పుడే పారేయాలి. సూక్ష్మజీవులను అడ్డుకునే పదార్థం అందులో ఉండదు. కలిపిన మందును ఆ గడువు దాటించి వాడితే బ్యాక్టీరియా పెరిగి, వాటి విషంతో పిల్లలు చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ నియమంలో సడలింపు లేదు. ఇప్పుడు సెషన్‌కు ముగ్గురు పిల్లలే వచ్చారనుకోండి. సీసా తెరిస్తే ఏడు డోసులు వృథా. వృథా శాతం నెల నివేదికలో కనబడుతుంది, దానికి సంజాయిషీ అడుగుతూ నర్సుకు మెమో వస్తుంది. తెరవకుండా "వచ్చే వారం రండమ్మా" అని పంపేస్తే ఆ సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. మీ వ్యవస్థ ఆమెను ఎటు నెడుతోందో చెప్పనక్కర్లేదు. సగం రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లి మళ్లీ వచ్చే వారం కూడా వస్తుందన్న నమ్మకం లేదు. మూడు నెలల తర్వాత సమీక్షలో ఆ ముగ్గురు పిల్లలూ "తల్లిదండ్రుల నిరాసక్తత" అన్న గడిలో తేలతారు. అప్పుడు అవగాహన ప్రచారానికి నిధులు కేటాయిస్తారు.

దీన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. అలా తెరిచినందుకు జరిగిన వృథాకు నర్సును నిలదీయకూడదన్న మాట కూడా అందులోనే ఉండాలి. ఆ వృథాను ముందే లెక్కలో వేసుకుని ఇండెంట్ పెట్టండి: 40 శాతం పోతుందనుకుంటే, 300 డోసులు వేయడానికి 300ను 0.6తో భాగించి 500 తెప్పించాలి. జనం పలచగా ఉన్న చోట ఐదు డోసుల సీసాలు ఆలోచించండి. వాటికి ఫ్రిజ్‌లో డోసుకు ఎక్కువ చోటు పడుతుంది కాబట్టి ముందు ఫ్రిజ్ చూసుకునే మనిషిని అడగండి. తట్టు టీకాను నెలలో ఫలానా రోజున అని కుదుర్చుకుంటే నయమనిపిస్తే, ఆ రోజేదో అక్కడి తల్లులనే చెప్పమనండి. పెంటావాలెంట్ లాంటి ద్రవ టీకాల సంగతి వేరు. తెరిచిన సీసాను తర్వాతి సెషన్లలోనూ వాడనిచ్చే ఓపెన్ వయల్ విధానం ఉన్న చోట, సీసా మీద గడువు, వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు), నిల్వ అన్నీ సరిగా ఉంటే తెరిచాక 28 రోజుల దాకా వాడుకోవచ్చు. ఈ తేడా తెలియక రెంటినీ ఒకే గాటన కట్టే పర్యవేక్షకులు ఇప్పటికీ ఉన్నారు.

అంకెల మాటకొస్తే, మీ దగ్గర ఇప్పటికే ఉన్న రెండు అంకెలు ఎవరిని పిలవాలో చెబుతాయి. పెంటావాలెంట్ మొదటి డోసు 240 మందికి, మూడోది 198 మందికి పడిందనుకోండి. తేడా 42ను 240తో భాగిస్తే 17.5 శాతం. ఇదే డ్రాపౌట్. 10 శాతం దాటితే ఆగి ఆలోచించాలి. ఈ 42 మందికి టీకా అంటే వ్యతిరేకత లేదు. ఒకసారి నడిచి వచ్చినవాళ్లే వాళ్లు. వాళ్లు తిరిగి రాకపోవడానికి కారణాలు ఎక్కువగా మన సెషన్‌లోనే దొరుకుతాయి: జ్వరం వస్తుందని ముందు చెప్పకపోవడం, కార్డు పోయిందంటే నలుగురిలో కసరడం, చెప్పిన రోజున తలుపు తాళం వేసి ఉండడం, గంటల తరబడి నిలబెట్టడం. ఇక ఒక్క డోసూ పడని పిల్లలు వేరు. వాళ్ల దగ్గరకు మనం అసలు చేరలేదు, లేదా వాళ్ల పెద్దలకు మన మీద నమ్మకం లేదు. ఈ రెండు గుంపులకూ ఒకే పోస్టర్, ఒకే మైకు ప్రచారం వల్ల ప్రయోజనం ఉండదు. మొదటి గుంపు కోసం మధ్యలో మానేసిన తల్లుల్లో పదిమందిని కూర్చోబెట్టి వినాలి. రెండో గుంపు కోసం అక్కడి జనం ఎవరి మాట వింటారో వాళ్ల గడపకు మీరే వెళ్లాలి.

టీకా వేసిన ప్రతిసారీ తల్లికి నాలుగు మాటలు చెప్పాలని శిక్షణలో నేర్పుతారు: ఈ రోజు వేసింది ఏ జబ్బుకు, ఏ ఇబ్బంది వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు ఎక్కడికి రావాలి, కార్డు భద్రంగా తేవాలి. ఒక్కో తల్లికి రెండు నిమిషాలు వేసుకున్నా, 60 మంది పిల్లలు వచ్చిన సెషన్‌లో ఒక్క నర్సుకు ఇవి చెప్పడానికే రెండు గంటలు పడుతుంది. చెప్పడం లేదని ఆమెను తప్పుపట్టే ముందు రెండో మనిషిని ఇవ్వండి. ఆ మనిషి నర్సే కానక్కర్లేదు. తల్లుల సంఘం నుంచి శిక్షణ పొందిన ఒకామె అయితే ఇంకా బాగా చెబుతుంది.

మైక్రోప్లాన్, అంటే ఏ వీధికి ఎవరు ఎప్పుడు వెళ్లాలో రాసుకునే స్థానిక ప్రణాళిక సంగతి. చాలా చోట్ల అది కిందటేడాది కాగితానికి తేదీ మార్చినది. నిజంగా వేయాలంటే మొదట చేత్తో పటం గీయాలి, ఆపైన పటం పట్టుకుని నడవాలి. పిల్లలు ఎక్కువగా తప్పిపోయేది రెండు బృందాల పరిధి కలిసే చోట. అవతలి బృందం చూసుకుంటుందని ఇద్దరూ అనుకుంటారు. అందుకని సరిహద్దు వెంట రెండు బృందాలూ స్థానికుడు ఒకరిని తోడు తీసుకుని కలిసే నడవాలి. కట్టడాలు జరుగుతున్న స్థలాలు, ఇటుక బట్టీలు, పంట పనికి వలస వచ్చిన గుడారాలు, పటంలో పేరే లేని కొత్త ఇళ్లు, గేటు దగ్గరే ఆపేసే పెద్ద భవనాలు, ఇవన్నీ విడిగా రాయాలి. ఏ నెలలో ఎవరు వస్తారు, ఎప్పుడు వెళ్లిపోతారు అన్నది మేస్త్రీకి తెలుస్తుంది, అద్దెకిచ్చేవాళ్లకు తెలుస్తుంది, మంత్రసానికి తెలుస్తుంది. ఆరోగ్య శాఖ జాబితాలో వీళ్లెవరూ భాగస్వాములు కారు! ఒక ప్రాంతంలో టీకాలు 100 శాతం దాటాయని నివేదిక వస్తే సంబరపడకండి. లక్ష్యంగా పెట్టుకున్న పిల్లల సంఖ్యే తప్పు, లేదా పక్క ప్రాంతం పిల్లలు ఇక్కడికి వస్తున్నారు. పక్క ప్రాంతం వాళ్లు ఎందుకు వస్తున్నారో అక్కడికి వెళ్లి అడగాలి.

టీకాలను చల్లగా ఉంచి చేరవేసే కోల్డ్ చైన్ నడిపేవాళ్లనూ, మందు మోసే డ్రైవర్లనూ ప్రణాళిక సమావేశానికి పిలవకపోవడం ఇంకో పెద్ద లోపం. ఎండ వల్ల మందు పాడవుతుందని అందరికీ తెలుసు, వీవీఎం గుర్తు చూసి పారేస్తారు. లోపలి చతురస్రం రంగు చుట్టూ ఉన్న వలయంతో సమానమైనా, అంతకంటే ముదిరినా ఆ సీసా పనికిరాదు. గడ్డకట్టి పాడైన మందును మాత్రం వీవీఎం పట్టుకోలేదు. హెపటైటిస్-బి, పెంటావాలెంట్, టెటనస్ టీకాలు గడ్డకడితే పైకి మామూలుగానే కనబడుతూ శక్తి కోల్పోతాయి. ఇది చాలాసార్లు చివరి అడుగులోనే జరుగుతుంది: ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను అలాగే టీకాలు మోసే క్యారియర్‌లో పెట్టేయడం వల్ల. దాన్ని బయట ఉంచి, ఊపితే లోపల మంచు కదిలిన చప్పుడు వినిపించాకే సర్దాలి. ఎండను బట్టి దానికి అరగంటో అంతకంటే ఎక్కువో పడుతుంది. సెషన్ ఉదయం 8కి అని మీరు రాసి, వాహనం 6కి బయల్దేరాలంటే ఐస్‌ప్యాక్‌లు తీయడానికి మనిషి ఎన్నింటికి రావాలో ఎవరైనా లెక్క వేశారా? డ్రైవర్‌ను, ఫ్రిజ్ చూసేవారిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ లెక్క ఐదు నిమిషాల్లో తేలుతుంది.

నమ్మకం కుదరని చోట ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. 2003లో ఉత్తర నైజీరియాలోని కానో తదితర రాష్ట్రాల్లో పోలియో చుక్కలు నిలిచిపోయాయి. చుక్కల్లో సంతానం కలగకుండా చేసే మందు ఉందన్న ప్రచారం ఒక్కటే కారణంగా కనబడింది. లోతుగా చూస్తే, 1996లో మెనింజైటిస్ విజృంభించినప్పుడు అక్కడి పిల్లలపై జరిగిన ఒక మందు ప్రయోగం జనం మనసులో మానని గాయంగా ఉంది. ఆరోగ్య కేంద్రంలో మామూలు జ్వరం మందు దొరకదు, ఈ చుక్కలు మాత్రం ఇంటికి తెచ్చి ఉచితంగా ఎందుకు పోస్తున్నారు అన్న ప్రశ్న కూడా ఉంది. ఆ ప్రశ్న అసమంజసమైనది కాదు. జవాబు సకాలంలో రాలేదు. కానోలో ఏడాదికి దగ్గరగా కార్యక్రమం ఆగిపోయింది, వైరస్ అక్కడి నుంచి దాదాపు 20 దేశాలకు పాకింది. 2004లో మళ్లీ మొదలవడానికి పరీక్షల నివేదికలు మాత్రమే చాలలేదు. స్థానిక పెద్దలూ మతపెద్దలూ ఆ పరీక్షల్లో భాగం కావడం, వాళ్లకు నమ్మకమున్న ఇండోనేషియా నుంచి మందు తెప్పించడం వల్ల దారి తెరుచుకుంది.

అదే పోలియో, ఉత్తర ప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో. అక్కడా తలుపులు మూసుకున్నాయి, అవే అనుమానాలు వినిపించాయి. 2000ల తొలి ఏళ్ల నుంచి అక్కడి మహిళలనే, ఆ వీధుల వాళ్లనే ఇంటింటికీ వెళ్లే కార్యకర్తలుగా తీసుకున్నారు. మసీదుల నుంచి పిలుపులు ఇప్పించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా, జామియా హమ్‌దర్ద్ లాంటి సంస్థలు కలిసి వచ్చాయి. 2009 నుంచి ఉత్తర ప్రదేశ్, బిహార్‌లలో అత్యంత ప్రమాదకరమైన 107 బ్లాకుల్లో పోలియో చుక్కలకే పరిమితం కాకుండా పారిశుద్ధ్యం, మంచినీళ్లు, విరేచనాలకు ఓఆర్ఎస్, జింక్, తల్లిపాలు, మిగతా టీకాల పనినీ జోడించారు. ఎందుకంటే జనం అడిగింది అదే. మురుగు కాలువ పక్కన బతికే తల్లి తన పిల్లల విరేచనాల గురించి మాట్లాడుతుంటే, వచ్చినవాళ్లు చుక్కల గురించి మాత్రమే మాట్లాడితే ఎలా? భారతదేశంలో వైల్డ్ పోలియో చివరి కేసు 2011 జనవరి 13న నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు.

ఐర్లండ్ ఉదాహరణ చిన్నదైనా పనికొచ్చేది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా బడుల్లో అమ్మాయిలకు వేసే హెచ్‌పీవీ టీకా 2014-15లో 87 శాతం దాకా వెళ్లి, సోషల్ మీడియాలో టీకాకు వ్యతిరేక ప్రచారం తర్వాత 2016-17కి 51 శాతానికి పడిపోయింది. 2017లో 30కి పైగా సంస్థలు ఒక కూటమిగా చేరాయి: వైద్యులు, క్యాన్సర్ సంస్థలు, మహిళా సంఘాలు, యువజనులు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఉన్న లారా బ్రెన్నన్ అనే యువతి తనంతట తాను ముందుకొచ్చి మాట్లాడింది. సంఖ్య మళ్లీ లేచింది. జపాన్‌లో 2013 జూన్‌లో అదే టీకాను చురుగ్గా సిఫార్సు చేయడం ఆపేస్తే, 70 శాతం ఉన్నది 1 శాతం లోపుకు దిగజారింది. తిరిగి సిఫార్సు మొదలైంది 2022 ఏప్రిల్‌లో. అనుమానాలు వచ్చినప్పుడు మౌనంగా ఉండి, అవి వాటంతటవే సద్దుమణుగుతాయని ఎదురుచూస్తే ఎన్నేళ్లు పోతాయో చూడండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టమని మేము వేడుకునేది టీకా తర్వాత ఏదైనా కీడు జరిగినప్పటి సంగతి. 2018 జూలైలో పసిఫిక్ ద్వీప దేశం సమోవాలో, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకా వేసిన ఇద్దరు పసిపిల్లలు నిమిషాల్లో చనిపోయారు. పొడి మందులో నీటికి బదులు, గడువు తీరిన, కండరాలను బిగదీయనివ్వని మత్తు మందు కలిపారని విచారణలో తేలింది. టీకాలో దోషం లేదు. కానీ ఆ టీకా కార్యక్రమాన్నే నెలల తరబడి నిలిపేశారు. అసలే తక్కువగా ఉన్న నమ్మకం ఇంకా సన్నగిల్లింది. ఆ ఏడాది పసిపిల్లల్లో తట్టు టీకా తొలి డోసు మూడో వంతుకు కూడా చేరలేదు. 2019 చివర్లో తట్టు వచ్చి, రెండు లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో 5,700 మందికి పైగా సోకింది. 83 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలు. ఇదే రకం పొరపాటు 2014లో సిరియాలో 15 మంది పిల్లల ప్రాణాలు తీసింది. ఫ్రిజ్‌లో టీకా డైల్యూయెంట్‌తో పాటు వేరే మందులు ఉంచకూడదన్న నియమాన్ని గోడ మీద అంటిస్తే సరిపోదు. వేరే మందుల కోసం ఇంకో ఫ్రిజ్ లేదని చెప్పిన నర్సు మాట వినాలి.

కీడు జరిగినప్పుడు నడవాల్సిన పద్ధతి ముందే రాసి, అందరితో ఒప్పించుకుని ఉంచాలి. ప్రమాదం జరిగాక కూర్చుని రాసేది కాదు. తీవ్రమైన సంఘటన తెలిసిన వెంటనే పైకి తెలపాలి, 48 గంటల్లో విచారణ మొదలవ్వాలి. వాడిన సీసా, డైల్యూయెంట్, సిరంజి పారేయకుండా కోల్డ్ చైన్‌లోనే పక్కన పెట్టాలి. అదే సీసా నుంచి వేయించుకున్న మిగతా పిల్లలు ఎలా ఉన్నారో ఇళ్లకు వెళ్లి చూడాలి. కారణం ఐదింటిలో ఒకటి కావచ్చు: టీకా స్వభావం, తయారీలో లోపం, వేయడంలో పొరపాటు, భయం వల్ల వచ్చే స్పందన, లేదా టీకాతో సంబంధం లేకుండా అదే సమయంలో వచ్చిన వేరే జబ్బు. ఏదో తేలకముందే "టీకాకు సంబంధం లేదు" అని ప్రకటించకండి. రేపు సంబంధం ఉందని తేలితే మీ మాటను ఇంకెవరూ నమ్మరు. మొదటి రోజున చెప్పగలిగింది మూడే మాటలు: ఏం జరిగిందో ఇంతవరకు తెలిసినది, ఎవరు విచారిస్తున్నారు, మళ్లీ ఎప్పుడు చెబుతాం. చెప్పిన వేళకు, కొత్త సంగతేమీ లేకపోయినా, మళ్లీ చెప్పాలి. విచారణ కమిటీలో కార్యక్రమాన్ని నడిపే అధికారి నిర్ణాయక స్థానంలో ఉండకూడదు. ఆ కుటుంబం తరఫున ఒకరు కూర్చోవాలి. నివేదిక మొదట ఆ తల్లిదండ్రుల చేతికే ఇవ్వాలి. అది వాళ్లు టీవీలో చూసి తెలుసుకోవాల్సిన విషయం కాదు. తప్పు మన వైపు ఉంటే పరిహారం కోసం వాళ్లను కోర్టుల చుట్టూ తిప్పకూడదు.

మామూలుగా వచ్చే ఇబ్బందులను ముందే అంకెలతో సహా చెప్పడం దీనికి పునాది. కోరింత దగ్గు టీకా ఉన్న పాతరకం డోసు తర్వాత సగం మంది పిల్లల దాకా జ్వరం రావచ్చు. తట్టు టీకా తర్వాత వారం, పది రోజులకు కొందరిలో జ్వరం, ఒంటి మీద దద్దు కనిపిస్తాయి. ప్రాణాంతకమైన అలర్జీ పది లక్షల డోసులకు సుమారు ఒకటి. అందుకే టీకా వేశాక కాసేపు కూర్చోమంటాం, అందుకే అడ్రినలిన్ కిట్ దగ్గర ఉంచుతాం. ఇవి చెబితే జనం భయపడతారని దాచే అలవాటు పోవాలి. చెప్పకపోతే వచ్చిన జ్వరమే వదంతి అవుతుంది.

వదంతులకు ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఒక పుస్తకం పెట్టండి. తేదీ, చోటు, జనం అన్న మాట ఉన్నదున్నట్టు, ఎవరు ఏమని జవాబిచ్చారు. ఇంతే రాయాలి, అన్నవాళ్ల పేర్లు రాయకూడదు. ఒకే ప్రశ్న వారంలో మూడు చోట్ల నుంచి వస్తే రెండు రోజుల్లో జవాబు వెళ్లాలి. జవాబు ప్రకటనలో వదంతిని శీర్షికగా పెట్టకండి. చదివేవాళ్ల మనసులో అదే నాటుకుంటుంది. బలవంతం మాట కూడా చెప్పాలి. రేషన్ ఆపుతామని, పింఛను ఆపుతామని బెదిరిస్తే ఆ రోజు రిజిస్టర్ నిండుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఇంట్లో పిల్లలున్నా లేరంటారు.

ఈ సంప్రదింపులు నడిపే కమిటీల నిర్మాణం గురించి. ఆరోగ్య కేంద్రం స్థాయిలో 12 నుంచి 15 మంది చాలు. అందులో కనీసం మూడో వంతు తల్లిదండ్రులు, వాళ్లలోనూ టీకా వేయించని లేదా మధ్యలో మానేసిన కుటుంబాల వాళ్లు ఇద్దరుండాలి. ఎప్పుడూ ఒప్పుకునేవాళ్లనే పిలిస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. టీకాలు వేసే నర్సు, కోల్డ్ చైన్ మనిషి, బడి నుంచి ఒకరు, ప్రైవేటు పిల్లల డాక్టరు ఒకరు, వికలాంగుల తరఫున ఒకరు. నర్సూ తల్లిదండ్రులూ లేకుండా కోరం ఉండకూడదు. ఎజెండా ఏడు రోజుల ముందు, రెండు పేజీలకు మించకుండా, అక్కడి వాళ్లు మాట్లాడే భాషలో అందాలి. కూలికి వెళ్లేవాళ్లకు ఆ రోజు కూలి, దారి ఖర్చు చేతికివ్వాలి. ఇవ్వకపోతే తీరిక ఉన్నవాళ్లే వస్తారు, వాళ్ల పిల్లలకు టీకాలు ఎలాగూ పడే ఉంటాయి. సమావేశమైన పది రోజుల్లో నిర్ణయాల పట్టిక నోటీసు బోర్డు మీదకు రావాలి: ఏం అడిగారు, ఏం తేలింది, కాదంటే ఎందుకు కాదు, ఎవరు చేస్తారు, ఎప్పటికి. కాదన్న సూచనకు కారణం రాయడమే వీటన్నిటిలో ముఖ్యం. కారణం తెలిస్తే జనం కాదన్నా సర్దుకుంటారు. అడిగి, విని, చప్పుడు చేయకుండా పక్కన పడేస్తే మాత్రం రెండోసారి రారు.

తయారీ సంస్థల ప్రతినిధులు తమ దగ్గరున్న సమాచారం చెప్పవచ్చు, ప్రశ్నలకు జవాబివ్వవచ్చు. నిర్ణయం తీసుకునేటప్పుడు గదిలో ఉండకూడదు, ఓటు అసలే ఉండకూడదు. సలహా సంఘంలో ఎవరికి ఎవరితో ఆర్థిక సంబంధం ఉందో ఏటా రాతపూర్వకంగా తీసుకుని బయట పెట్టండి. సంబంధం ఉన్న అంశం వచ్చినప్పుడు ఆ సభ్యులు లేచి వెళ్లిపోవాలి. సంఘంలో ఏకాభిప్రాయం లేకపోతే వేరుగా ఉన్న అభిప్రాయాన్నీ ప్రచురించండి. అభిప్రాయ భేదం దాచి, తర్వాత బయటపడడం కంటే పెద్ద నష్టం ఏదీ లేదు.

ఇదంతా ఇప్పటికే ఉన్నవాళ్ల నెత్తిన అదనపు పనిగా పడకూడదు. ఒకే బిడ్డ వివరాలను కాగితం రిజిస్టర్‌లో, లెక్కల పట్టీలో, యాప్‌లో విడివిడిగా రాసే నర్సును భాగస్వామ్యం పేరిట ఇంకో ఫారం నింపమంటే, ఆమె టీకా వేసే సమయంలోంచే అది కోత పడుతుంది. కొత్త ఫారం పెట్టే ముందు పాతది ఏది తీసేయాలో ఆమెనే అడగండి.

మీ వచ్చే వార్షిక ప్రణాళిక ముసాయిదా ఇంకా ముసాయిదాగా ఉండగానే దాన్ని బయట పెట్టండి, 30 రోజులు గడువు ఇవ్వండి. దానితో పాటు ఏ అంశాలు మార్చడానికి వీలుంది, ఏవి లేవు అన్న ఒక పేజీ జతచేయండి. సీసా తెరిచే విషయంపై ఉత్తర్వుకు మాత్రం ప్రణాళిక దాకా ఆగనక్కర్లేదు, దాన్ని ఈ నెలలోనే ఇవ్వవచ్చు. కమిటీ సభ్యుల కూలి, దారి ఖర్చులకు బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు తెరవండి. ప్రతి సెషన్ ప్రాంతంలోనూ, సెషన్ అయిన వారంలో, టీకాలు వేసిన బృందం కాని వాళ్లు, కమిటీలోని తల్లిదండ్రులతో కలిసి, వరసగా 20 మంది పిల్లల కార్డులు చూడాలి. ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది తప్పిపోతే బృందం మళ్లీ ఆ వీధులకు వెళ్లాలి. ఆ పిల్లలు ఎందుకు తప్పిపోయారో తల్లి చెప్పిన మాటల్లోనే రాసి తదుపరి కమిటీ ముందు పెట్టాలి. ఏడాది చివర మీ నివేదికలో ఎన్ని సమావేశాలు జరిగాయో వేయకపోయినా పర్వాలేదు. జనం చెప్పినందువల్ల మారిన నిర్ణయాలు ఏవేవో ఒక్కొక్కటిగా రాయండి.

ఈ లేఖకు జవాబును కూడా బహిరంగంగానే కోరుతున్నాం. ఒప్పుకోలేని అంశం ఏదైనా ఉంటే, కారణంతో సహా చెప్పండి.

ఇట్లు,
టీకాలు వేసే నర్సులు, కోల్డ్ చైన్ నిర్వాహకులు, పిల్లల వైద్యులు, తల్లిదండ్రుల కమిటీల సభ్యులు